మేకు కొట్టే ముందు

కదిలే కుర్చీకి మన ఇళ్లలో రెండే మందులు. చేతికందిన మేకు తీసుకుని అతుకు పక్కన దిగగొట్టడం ఒకటి, సందులో ఫెవికాల్ పోసి తెల్లారేదాకా ఎవర్నీ కూర్చోనివ్వకపోవడం రెండోది. బీటిచ్చిన బల్లకైతే రంపపు పొట్టూ ఫెవికాలూ కలిపి కూరతాం. ఏడాది తిరక్కుండానే కుర్చీ మళ్లీ కదులుతుంది, బల్ల మళ్లీ విచ్చుతుంది. అప్పుడు వడ్రంగిని తిడతాం, లేదా జిగురును తిడతాం. పిడుగురాళ్ల లాంటి ఊళ్లో ఈ తప్పు ఎవరిదో తేల్చాలంటే ముందు గాలిలో తేమ సంగతి చూడాలి.

పల్నాడు ఎండ గురించి పల్నాటివాళ్లకు చెప్పక్కర్లేదు. ఏటా వేసవిలో రెంటచింతల పేరు పత్రికల్లో పడుతుంది. పిడుగురాళ్లదీ అదే జిల్లా, అదే ఎండ. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలు గాలి ఎండు గడ్డిలా గరగరలాడుతుంది. తరవాత ఆగస్టు నుంచి నవంబరు దాకా నైరుతీ ఈశాన్యమూ వంతులేసుకుని తడుపుతాయి. చెక్క ఈ తేమను పీలుస్తుంది, వదులుతుంది. చెట్టు కొట్టి వందేళ్లయినా ఈ గుణం పోదు. "బాగా ఆరిన పాత టేకు, ఇక కదలదు" అని అమ్మేవాళ్లు చెప్పే మాటలో నిజం సగమే. కొత్త చెక్కలా మెలి తిరగదు, అంతవరకే. ఉబ్బడం, కుంచించుకోవడం మాత్రం మానదు.

ఎంత కదులుతుందో లెక్క ఉంది. చెక్క పొడుగున దాదాపు కదలదు. అడ్డంగా కదులుతుంది. అందులోనూ చెట్టు వలయాల వెంబడి కొలిస్తే ఎంతో, చేవ నుంచి బెరడు వైపు కొలిస్తే దానిలో సుమారు సగం. టేకు చాలా చెక్కలకంటే నెమ్మదస్తురాలు. అయినా 30 సెంటీమీటర్ల వెడల్పున్న టేకు పలకలో తేమ 14 శాతం నుంచి 7 శాతానికి పడితే, కోత తీరును బట్టి 2 నుంచి 4 మిల్లీమీటర్ల దాకా వెడల్పు తగ్గుతుంది. పాలిష్ ఈ రాకపోకలను ఆలస్యం చేస్తుంది, ఆపదు. నాలుగు మిల్లీమీటర్లంటే కంటికి ఆనకపోవచ్చు. కానీ ఆ పలకను రెండు చివర్లా మేకులతో బిగించి ఉంటే, అది కుంచించుకోడానికి చోటు లేక ఎక్కడో ఒకచోట చీలి తీరుతుంది.

అందుకే పాత సామాను మరమ్మతులో మొదటి ప్రశ్న ఏ జిగురు వాడాలన్నది కాదు, ఈ చెక్క ఎటు కదలాలనుకుంటోంది, దాన్ని ఎవరు కదలనివ్వడం లేదు అన్నది. మరమ్మతు గురించి పుస్తకాలూ వడ్రంగులూ చెప్పే మాటలన్నీ ఈ ప్రశ్న ముందు పెట్టి చూస్తే ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో తేలుతుంది.

అతుకుల సంగతి ముందు చూద్దాం. కుర్చీలో, బల్లలో, మంచంలో ప్రధానమైన అతుకు ఒక్కటే. ఒక చెక్క కొసను నాలుకలా సన్నగా చెక్కి, ఇంకో చెక్కలో తొలిచిన బెజ్జంలోకి దిగగొట్టడం. ఐటీఐలో మార్టిస్, టెనన్ అని నేర్పేది ఇదే. వానాకాలంలో నాలుక ఉబ్బుతుంది. బెజ్జం గోడలు దాన్ని ఉబ్బనివ్వవు. నాలుకలోని నారలు నలిగి అణిగిపోతాయి. మళ్లీ వేసవి వచ్చి చెక్క ఆరినప్పుడు నాలుక మామూలు కొలతకు రాదు, దానికంటే సన్నబడుతుంది. వదులు పుట్టేది ఇక్కడే. అమెరికా కలప శాస్త్రవేత్త బ్రూస్ హోడ్లీ 1980లో అచ్చయిన తన పుస్తకంలో ఈ సంగతిని పనివాళ్లకు అర్థమయ్యేలా విడమరిచాడు. గొడ్డలి కామ వదులైతే నీళ్లలో నానబెట్టే మన రైతుకు ఇందులో మొదటి సగం ఎప్పట్నుంచో తెలుసు. నానితే ఆ పూటకు బిగుస్తుంది. ఆరాక మునుపటికంటే ఎక్కువ వదులవుతుంది, ఆ రెండో సగాన్ని మనం గొడ్డలి నెత్తిన రుద్దుతాం. ఎద్దుల బండి చక్రాలను చెరువులో నిలిపినా ఇదే కథ. చక్రంలోని నల్లతుమ్మ చెక్క ఆకులు కాసేపు ఉబ్బి ఇనప కట్టు బిగుసుకుంటుంది, మళ్లీ రెండు బాడుగలు తోలితే కటకటమంటుంది.

కుర్చీ అతుకుకు ఫెవికాల్ పోయడమూ ఇంతకంటే పెద్ద తెలివి కాదు. అతుకు విప్పకుండా పైనుంచి పోసిన జిగురు లోపలి పాత జిగురు మీద, మురికి మీద, మైనం మీద కూర్చుంటుంది. చెక్కను ముట్టుకోదు. పైగా తెల్ల జిగురుకు సందు నింపే శక్తి లేదు. రెండు చెక్కలు ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉంటేనే అది పట్టు చూపిస్తుంది. మేకు సంగతి మరీ అన్యాయం. మేకు నారల్ని చీలుస్తూ దిగుతుంది, ఇనుము కదలదు, చెక్క కదులుతుంది, రెండు మూడు వానాకాలాలకు మేకు చుట్టూ బెజ్జం పెద్దదవుతుంది. నల్లతుమ్మ లాంటి చెక్కల్లో టానిన్ ఎక్కువ, ఇనుము తడిస్తే చుట్టూ సిరా మరకలా నల్లగా పాకుతుంది. ఆ మరక చిత్రిక పట్టినా పోదు. ఎల్ ఆకారపు ఇనప పట్టీలకూ ఇదే మాట.

మన పాత మంచం ఈ చిక్కును ఎంత తేలిగ్గా దాటిందో చూస్తే ముచ్చటేస్తుంది. నులక మంచానికో నవారు మంచానికో కోళ్లూ పట్టెలూ ఉంటాయి, జిగురు ఉండదు. పట్టె నాలుక కోటి బెజ్జంలో ఊరికే కూర్చుంటుంది. దాన్ని పట్టి ఉంచేది అల్లిక బిగువు. వానాకాలం ఉబ్బినా వేసవి కుంచించినా అల్లిక సర్దుకుంటుంది, వదులైతే కాళ్ల వైపు తాడు లాగి బిగిస్తాం. ఇలాంటి మంచం కోడు ఊగుతోందని అరల్డైట్ పెట్టించినవాళ్లను చూశాను. ఆ మంచానికి కావలసింది జిగురు కాదు, నులక బిగించే ఓపిక. పందిరి మంచాలు కూడా విప్పి బండికెక్కించేలా చేసినవే. వాటిని శాశ్వతంగా అతికిస్తే ఇల్లు మారేటప్పుడు గుమ్మం దగ్గర తెలిసొస్తుంది.

ఇక జిగురు. మన దేశంలో జిగురు చరిత్ర చాలా పాతది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపాల తయారీ రాశాడు. ఒకదానిలో తుమికి కాయలు, వెలగ కాయలు, బూరుగ పూలు లాంటివి నీళ్లలో ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచి, గుగ్గిలం వంటి బంకలు కలపమన్నాడు. ఇంకోదానిలో ఆవు, గేదె, మేక కొమ్ములు, గాడిద వెంట్రుకలు, తోళ్లు చేర్చమన్నాడు. అవి గుళ్లకూ విగ్రహాలకూ చెప్పిన లేపాలే గానీ, తోళ్లూ కొమ్ములూ ఉడికిస్తే జిగురొస్తుందన్న ఎరుక అప్పటికే ఉందని తేలుతుంది. నిన్న మొన్నటిదాకా వడ్రంగి కొట్టాల్లో కాగిన సరేసు ఆ జాతిదే. నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి 60 డిగ్రీల దరిదాపుల్లో వేడి చేసి పూసేవాళ్లు. మరిగించకూడదు, మరిగితే పట్టు చస్తుంది. దానికి రెండు లోపాలు: కంపు, తడిని ఓర్చుకోలేకపోవడం. ఒక గొప్ప గుణం: వేడి నీళ్లు తగిలిస్తే మళ్లీ మెత్తబడి వదులుతుంది. అంటే కుర్చీని పగలగొట్టకుండా విప్పొచ్చు.

1959లో బల్వంత్ పారేఖ్ సంస్థ ఫెవికాల్‌ను తెచ్చింది. కాచే పని లేదు, కంపు లేదు, డబ్బా మూత తీస్తే చాలు. వడ్రంగులు దాన్ని అంత త్వరగా అందిపుచ్చుకోవడంలో ఆశ్చర్యం లేదు. కొత్త సామానుకు అది నిక్షేపంగా పనికొస్తుంది. పాతదాని దగ్గరే పేచీ. ఎండిన తెల్ల జిగురు మీద కొత్త తెల్ల జిగురు సరిగా అంటదు, ప్రతిసారీ ఉలితో గీకి అసలు చెక్క బయటపెట్టాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి గీకాక థిన్నర్‌తోనో అసిటోన్‌తోనో తుడిచి, ఆరగానే పూయాలి. పల్నాటి వేసవిలో పూసిన జిగురుపై నిమిషాల్లో పొర కడుతుంది, అందుకే ఈ పని తెల్లవారుజామున పెట్టుకోవాలి. ఎపాక్సీ, అంటే అరల్డైట్ జాతి, సందులు నింపుతుంది, తడికి జంకదు, కానీ ఆ అతుకు మళ్లీ విప్పాలంటే చెక్క చిట్లుతుంది. కుర్చీ అతుకుకు నేను దాన్ని ఒప్పుకోను. ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ విప్పక తప్పదు కాబట్టి. నారకు అడ్డంగా విరిగిన కుర్చీ చెయ్యికో, పుచ్చి డొల్లయిన కాలి కొసకో అయితే సరే. ఫెవిక్విక్‌ను మాత్రం చెక్క దగ్గరికి రానివ్వకండి. గాజులా పెళుసు, పాలిష్ మీద మరక.

పిడుగురాళ్ల సున్నం బట్టీల ఊరు కాబట్టి ఇంకో జిగురును తలచుకోవాలి. పాల విరుగులోని కేసీన్‌ను సున్నంతో కలిపితే తడిని సరేసుకంటే బాగా ఓర్చుకునే జిగురవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చెక్క విమానాల అతుకులు దీంతో వేశారు. ఇక్కడ దీనికి కావలసిన సరుకంతా చేతి దూరంలోనే ఉంది. అయితే సున్నం క్షారం. టానిన్ ఉన్న చెక్కకు అంటితే రంగు ముదురుతుంది. కంటికి కనబడని అతుకుల్లోనే దాన్ని వాడాలి. ఇవాళ దాన్ని కలిపి వాడమని ఎవరికీ చెప్పను, సరదా ఉన్నవాళ్లు ప్రయత్నించొచ్చు.

అతుకు బాగుచేసే పద్ధతి మాత్రం ప్రపంచమంతటా ఒక్కటే: విప్పాలి. ముందు సుద్దముక్కతో ఏ నాలుక ఏ బెజ్జంలోదో అంకెలు వేసుకోవాలి, నాలుగు కాళ్లూ ఒకేలా కనబడినా చేత్తో చేసిన కుర్చీలో ఏ రెండూ ఒకటి కావు. వెదురు చీలలు కొట్టి ఉంటే బరమాతో తొలిచి తీయాలి. గుడ్డ అడ్డం పెట్టి కొయ్య సుత్తితో తట్టి విడదీయాలి. ఊడిరాకపోతే ఒక చుక్క వేడి నీళ్లు వేసి చూడండి. జిడ్డుగా మెత్తబడితే అది సరేసు, తడిగుడ్డా వేడీ చాలు. విప్పాక గీకడం, తుడవడం. తరవాత అసలు పని, సన్నబడ్డ నాలుకను మళ్లీ బెజ్జానికి సరిపెట్టడం. మంచి వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు వచ్చే పలచని పొరను అదే చెక్కలోంచి తీసి నాలుక రెండు పక్కలా అతికి, ఆరాక కొద్దికొద్దిగా చెక్కి, చేత్తో నెడితే బిగువుగా దిగేలా చేస్తాడు. నాలుక బెజ్జం దాటి బయటికొచ్చే రకమైతే కొసన రంపంతో గాటు పెట్టి అందులో సన్నటి చెక్క చీలిక దిగగొట్టొచ్చు. క్లాంపులు లేకపోతే నులక తాడు చుట్టూ కట్టి మధ్యలో కర్రముక్క దూర్చి మెలివేస్తే కుర్చీ నాలుగు వైపులా సమంగా బిగుస్తుంది. ఒక రోజంతా దాన్ని కదపకూడదు. చీల మళ్లీ పెట్టేటప్పుడు నాలుకలోని రంధ్రాన్ని కాస్త భుజం వైపుకు జరిపి తొలిస్తే చీల దిగుతూ అతుకును లోపలికి లాగుతుంది. ఇది తెలిసిన పనివాడి చేతిలో జిగురు లేకపోయినా అతుకు నిలుస్తుంది.

ఈ పనికి కాలం కూడా ముఖ్యమే. చెక్క బాగా ఎండి ఉన్నప్పుడు, అంటే వేసవిలో, నాలుక తన కనీస కొలతలో ఉంటుంది. అప్పుడు సరిపెడితే వానాకాలంలో ఉబ్బి బిగుస్తుంది. వానాకాలంలో సరిపెడితే మే నెలకు మళ్లీ వదులు.

బీటలకు కాలం వేరు, పద్ధతీ వేరు. అన్నిటికంటే ముందు ఆ బీట బతికుందా, చచ్చిందా చూడాలి. బీట చివర పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ రాసి పెట్టుకోండి. ఏడాది తిరిగేసరికి గీత దాటలేదంటే దాని జోలికి పోనక్కర్లేదు. మంచం కోళ్లలో, ద్వారబంధాల్లో కనబడే పొడుగాటి పగుళ్లు చాలావరకు చెక్క మొదట్లో ఆరినప్పుడు పడ్డవే, అవి బరువు మోయడానికి అడ్డం కావు. వాటిని నింపాలన్న తొందర మనది.

కదిలే బీటను వేసవిలో, అది బాగా తెరుచుకుని ఉన్నప్పుడు, గట్టి సరుకుతో నింపడం అందరూ చేసే పని, అన్నిటికంటే తప్పు పని కూడా అదే. వానలకు పలక ఉబ్బి ఆ సరుకు మీద ఒత్తుతుంది. నారలు నలుగుతాయి. మరుసటి వేసవికి నింపిన చోటు పక్కనే కొత్త గీత. బీరువా తలుపు పలకలు పగిలే తీరు చూడండి. మంచి వడ్రంగి చేసిన తలుపులో పలక గాడిలో వదులుగా, జిగురు లేకుండా కూర్చుంటుంది. తరవాత ఎవరో ఏళ్ల తరబడి వార్నిష్ మీద వార్నిష్ పూస్తారు. అది గాడిలోకి కారి పలకను చట్రానికి అతికిస్తుంది. పలక చీలేది అప్పుడే. బీట నింపే ముందు సన్నటి కత్తితో గాడి చుట్టూ ఆ వార్నిష్ కోసి పలకకు విడుదల ఇవ్వాలి. చాలాసార్లు ఆ తరవాత పలక రెండు ముక్కల్నీ దగ్గరికి నెట్టి అతికితే చాలు, నింపేదే ఉండదు. బల్ల పై పలక పగిలితే కింద తిప్పి చూడండి. దాన్ని చట్రానికి స్క్రూలతో గట్టిగా బిగించి ఉంటారు. స్క్రూ రంధ్రాలను పలక కదిలే దిశలో కాస్త పొడుగు చేస్తే బీట ముందుకు పాకదు. అప్పటికీ ఆగకపోతే వెనక వైపు డమరుకం ఆకారంలో కోసిన చెక్క ముక్కను బీటకు అడ్డంగా పొదగొచ్చు. నింపడం, అతకడం ఏదైనా మార్గశిరంలో, గాలి అటు తడీ కాక ఇటు ఎండూ కాక ఉన్నప్పుడు పెట్టుకుంటే మంచిది.

నింపే సరుకుల్లో రంపపు పొట్టు, ఫెవికాల్ ముద్ద అందరికీ తెలిసిందే. అది పాలిష్ పట్టదు, నల్లటి చారలా తేలుతుంది. సుద్ద పొడి, అవిసె నూనెతో చేసిన లప్పం రంగు వేసే సామానుకు నయం. పాలిష్ సామానులో సన్నటి గీతలకు రంగు కలిపిన తేనె మైనమే మేలు. అది చెక్కతో పాటు సర్దుకుంటుంది, ఇష్టం లేకపోతే తీసేయొచ్చు. వెడల్పాటి బీటకు అదే చెక్క నుంచి అదే నార దిశలో కోసిన పుల్ల, ఒక పక్కే జిగురు రాసి. మన నేల మీద పుట్టిన సరుకు ఇంకోటుంది, కొండపల్లి బొమ్మల మక్కు. చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ఆ ముద్దతో తెల్ల పొణికి బొమ్మలకు చేతులూ తలలూ అతుకుతారు. తేలిక చెక్కకు, రంగు కింద దాగే చోటుకు అది చక్కగా సరిపోతుంది. మనిషి బరువు మోసే కుర్చీకి పనికిరాదు.

పురుగు గురించి రెండు ముక్కలు. రంధ్రాల కింద తాజా పొడి రాలుతుంటేనే పురుగు లోపల ఉన్నట్టు. టేకు చేవను చెద సాధారణంగా ముట్టదు, అంచున ఉండే తెల్ల చెక్కను తినేస్తుంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పాలిష్ లేని వైపున పూయొచ్చు. పత్తికి కొట్టగా మిగిలిన మందు ఇంట్లో ఉంది కదా అని మంచానికి కొట్టడం మాత్రం వద్దు, దాని మీద పడుకునేది మనుషులు. ఇంకోటి, మన నాపరాళ్ల నేలలు. ఎగుడుదిగుడుగా ఉన్న నేల మీద నాలుగు కాళ్ల కుర్చీ కూర్చున్న ప్రతిసారీ అతుకుల్ని మెలిపెడుతుంది. నేల కడిగిన నీళ్లు కాలి కొస నుంచి పైకి పీల్చుకుంటుంది. కాళ్ల కొసలకు మైనం పట్టించి రబ్బరు బుడిపెలు తొడిగితే సగం మరమ్మతులు తప్పుతాయి.

మ్యూజియంలవాళ్ల సిద్ధాంతం, చేసిన ప్రతి మరమ్మతూ మళ్లీ విప్పడానికి వీలుండాలని. ఇళ్లకు దాన్ని అక్షరాలా అన్వయించలేం. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని కుర్చీల మీద ఎవరూ కూర్చోరు. మన కుర్చీ మీద తాతయ్య కూర్చుంటారు, మనవడు ఎగురుతాడు. బలం కావాలి. అయినా అతుకుల దగ్గర ఆ సూత్రం మనకూ లాభమే, మళ్లీ విప్పగలిగిన కుర్చీనే మూడు తరాలు వాడుకుంటారు. ఊళ్లోని పాత సామాను హైదరాబాద్ ఏసీ గదులకో, డల్లాస్, న్యూజెర్సీ ఇళ్లకో తరలించేవాళ్లకు ఇది మరీ అవసరం. చలికాలంలో హీటర్ వేసిన ఇంట్లో గాలి మన మే నెలకంటే పొడిగా ఉండొచ్చు, అదీ నెలల తరబడి. ఉయ్యాల బల్లనో భోషాణాన్నో పంపే ముందు వార్నిష్‌తో అతుక్కున్న పలకల్ని విడిపించండి. అక్కడికి చేరాక హీటర్ పక్కన పెట్టకండి, గదిలో తేమ యంత్రం ఉంచండి.

అన్నీ బాగుచేయదగ్గవేనా? కాదు. రంపపు పొట్టు నొక్కి చేసిన పార్టికల్ బోర్డు తడిసి ఉబ్బితే దానికి మరమ్మతు లేదు. తెల్ల చెక్కతో చేసి పుచ్చిపోయిన బల్ల కోసం పనివాడి రోజు ఖర్చు చేయడం దండగ. చేవ ఉన్న టేకు, జిట్రేగి, నల్లతుమ్మ సామాను మాత్రం ఎంత కదిలినా పారేయకండి. నాలుగు కాళ్లూ ఊడిపోయిన కుర్చీ నిజానికి బాగుచేయడానికి తేలిక, విప్పే శ్రమ తప్పింది కాబట్టి.

చేసేవాళ్లు తగ్గారు. నాగళ్లూ బండ్లూ ఉన్న రోజుల్లో వడ్రంగికి కళ్లంలో ధాన్యం మేరగా ముట్టేది, మరమ్మతు ఆ లెక్కలోనే నడిచేది. ట్రాక్టర్లు వచ్చాక ఆ ఏర్పాటు పోయింది, ఇప్పటి వడ్రంగికి ప్లైవుడ్ పనిలో, తలుపుల పనిలో గిడుతుంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకు శిక్షణా, పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా సాయమూ ఉన్నాయి. ఆ శిక్షణలో పాత అతుకును విప్పి మళ్లీ కట్టడం కూడా ఒక పాఠం కావాలని నా కోరిక. మన వంతు పని ఒకటుంది. పాత కుర్చీని బాగుచేయించేటప్పుడు వస్తువుకింత అని బేరం పెట్టకండి. విప్పి, గీకి, ఆరబెట్టి, బిగించడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులకూ కూలి ఇచ్చి మాట్లాడుకోండి.